నీళ్ళ చాటున

మార్చి 4

వదినా,

ఈ ఉత్తరం నీ కుట్టు దుకాణం చిరునామాకి రాస్తున్నాను. ఇంటికి ఫోను చేస్తే మీ తమ్ముడు పక్కనే ఉంటారు, నువ్వు నన్ను బొత్తాల షాపావిడని చేసి మాట్లాడాలి. మొన్న అలా మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగు డజన్ల తెల్ల బొత్తాలు నిజంగానే ఆర్డరు ఇచ్చేశావు. నా దగ్గర బొత్తాలు లేవమ్మా.

విషయం ఏమిటంటే, ఆయన లాయరు దగ్గర్నుంచి ఒక కట్ట వచ్చింది. ముప్పై ఎనిమిది ప్రశ్నలు. కోర్టులో నిలబెట్టి అడిగేవి కావు, విచారణకి ముందే కాగితం మీద అడిగేవి. వీటికేదో నోరు తిరగని పేరుంది. ఒక్కోదానికీ విడిగా జవాబు రాసి, అంతా నిజమేనని ప్రమాణం చేసి, నోటరీ ముందు సంతకం పెట్టి ముప్పై రోజుల్లో పంపాలి. విడాకులకి మేమిద్దరం ఎప్పుడో తలూపేశాం. తేలాల్సింది మన పిట్ట ఎవరి దగ్గర పెరగాలన్నదే. ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయట. ఒక్క జవాబు తేడా వస్తే నా పిల్ల నాకు దక్కదు.

కళ్ళజోళ్ళ షాపులో రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడుగుతుంటాను కదా. కొందరికి జవాబు తప్పుతుందేమోనని చెమటలు పట్టేస్తాయి. ఇందులో తప్పూ ఒప్పూ ఏం లేదండీ, కనబడింది చెప్పండి అంటాను. ఆ చెమట ఏమిటో ఇప్పుడు తెలిసింది.

తొమ్మిదో ప్రశ్న చూడు. ‘పాపను మీరు ఇతరుల వద్ద వదిలిన సందర్భాలు తెలపండి.’ నేను బుద్ధిగా బడి క్యాలెండరు ముందేసుకుని, సెలవులు తీసేసి, నాలుగు వందల పన్నెండు అని రాశాను. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి బడి దగ్గర వదులుతాను కదా మరి. మా లాయరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, “ఇదే వాళ్ళకి వెళ్ళుంటే, నాలుగు వందల పన్నెండు సార్లు బిడ్డని వదిలేసిన తల్లి అని చదివి వినిపించేవాళ్ళమ్మా” అంది. అప్పట్నుంచి మామూలు మాటలన్నా భయం పట్టుకుంది.

మొత్తం ఒకేసారి చదివితే బెంబేలెత్తిపోతానని ఆవిడ నాకు పదేసి ప్రశ్నలే ఇస్తోంది. ఇప్పుడు పదిహేడో దాంట్లో ఉన్నాను. జబ్బుల గురించి అడిగారు. పిట్ట పుట్టాక నువ్వొచ్చి నలభై రోజులు ఉన్నావు కదా, ఏ తేదీన వచ్చావు? నీ ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.

ఆయన మెడనొప్పి మాత్రలు వేసుకుంటున్నారా? నేను అడిగానని అనకు.

నీ మరదలు (ఇప్పటికింకా)


మార్చి 10

చి. సౌ.

అని రాసి ఆగిపోయాను. ఆ ‘సౌ.’ ఉంచాలా, తీసెయ్యాలా? కోర్టువాళ్ళు తేల్చేదాకా ఉంచుతాను. ‘చి.’ మాత్రం ఏ జడ్జీ తీర్పుకీ ఆగదు, నూరేళ్ళు చల్లగా ఉండు.

జూలై 19న వచ్చాను, ఆగస్టు 28న వెళ్ళాను. పుస్తకంలో ఆ నలభై రోజులూ ఖాళీ. నర్సుల యూనిఫారాల ఆర్డరు ఒకటి చేజారిపోయింది, అది మాత్రం ఎవరూ అడగరు.

నా మాట విని, డాక్టరు పెట్టిన పేరు రాయకు. బాలింత నీరసం అని రాయి. అందరికీ ఉండేదే, ఎవరూ పట్టించుకోరు.

మీ ఆయన ఇంట్లో నా కత్తిరింపు బల్ల పక్కన మంచం వేసుకున్నాడు. పొద్దున్నే లిఫ్టుల కంపెనీకి వెళ్తాడు, సాయంత్రం వస్తాడు, కంచం వైపు చూసి తింటాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. ఒక నోటుబుక్కు పెట్టుకుని అందులో ఏదో రాస్తుంటాడు, నేను గదిలోకి వెళ్తే మూసేస్తాడు. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వస్తే పేపరు ఇలాగే చొక్కాలో దాచేవాడు. అమ్మ పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. తల దువ్వింది, చొక్కా కుట్టింది, సున్నా వచ్చిన పేపరు మీద సంతకం పెట్టింది నేనే. వాణ్ణి పొమ్మనడం నా వల్ల కాదు. నిన్ను కాదనుకోవడం కూడా నా వల్ల కాదు. కళ్ళజోళ్ళ దానివి, ఒక కన్ను మూసి చూడమంటే ఎంత చిరాకో నీకు చెప్పాలా.

పిట్ట కొలతలు పంపు. భుజం, నడుం, పొడవు. కిందటిసారి నువ్వు పంపిన నడుం కొలత దానిదా, దాని బొమ్మదా?

వదిన


మార్చి 15

గౌరవనీయులైన వదినగారికి,

మూడో పది ఇచ్చారు. ఇరవై రెండో ప్రశ్న మాట పొల్లుపోకుండా రాస్తున్నాను, చదవండి.

‘పాప ఏడుస్తుండగా, మీరు స్నానాల గదిలో కొళాయి తిప్పి నీళ్ళ చాటున కూర్చున్న సందర్భాలు ఎన్ని? ఒక్కో సందర్భంలో ఎంతసేపు?’

షాపులో, రోగి కుర్చీలో కూర్చుని చదివాను. ‘నీళ్ళ చాటున’ అన్నది ఏ లాయరు మాటా కాదు. నా మాటా కాదు. కొళాయి తిప్పుకుని కూర్చుంటున్నాను, దాని ఏడుపు వినబడకుండా ఉండడానికి అని మాత్రమే నేను అప్పట్లో మీకు రాశాను. మీరు వచ్చిన రోజు నా తల ఒళ్ళో పెట్టుకుని, “ఇలా నీళ్ళ చాటున ఎన్నాళ్ళు దాక్కుంటావే పిచ్చిదానా” అన్నారు. అప్పుడు గదిలో ఉన్నది మనిద్దరం, పాలు తాగి పడుకున్న పిట్ట. పిట్ట చెప్పి ఉండదు.

నా కడుపులోది మీ దగ్గర తప్ప ఎక్కడా కక్కలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆయన నోటుబుక్కు మూసేస్తాడని రాశారే, మూసేముందు మీరు ఏం చెప్పారో అది రాయలేదు.

నాలుగో పది కూడా చూశాను. ముప్పై ఒకటో ప్రశ్న ఇది. ‘ఈ వివాహం గురించి, పాప గురించి మీరు రాసిన, అందుకున్న ఉత్తరాలన్నీ తేదీలతో పేర్కొనండి.’ ఆరేళ్ళ కిందటివీ, ఇప్పటివీ. ప్రమాణం చేసి రాయాలి. రాస్తాను. ఈ ఉత్తరం కూడా అందులో రాస్తాను.

ఇట్లు,
పాప తల్లి


మార్చి 20

చి. సౌ.

‘మీరు’ అన్నావు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. పెళ్ళయిన మూడో రోజే “వదినా, నీ కత్తెర ఏదీ” అని అడిగిన పిల్లవి. పోస్టాయన ముందు చదివాను కాబట్టి ఏడవలేదు.

ఆ ప్రశ్న వాళ్ళకి ఎలా వెళ్ళిందో నాకు తెలియదు. నన్ను అడగకు.

నువ్వు బెదిరించావు కాబట్టి నేనూ ఒకటి చెప్తున్నాను. ‘ఉత్తరాలేవీ లేవు’ అని రాయి. అది అబద్ధం కాకుండా చేశాను. నువ్వు ఆరేళ్ళుగా రాసినవన్నీ బొత్తాల డబ్బాలో దాచాను, ఇరవై ఏడు. నిన్న మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె బొగ్గుల్లో ఒక్కొక్కటే వేశాను. నీ పిచ్చి రాతలు ఆ లాయరు చేతిలో పడితే ఏమయ్యేదో ఆలోచించావా? ‘దీన్ని కన్నదాన్ని నేనేనా అనిపిస్తోంది’ అని రాశావు ఒకచోట. చాలదూ? ఆ వేడి మీదే బడి నిక్కర్లు ఇస్త్రీ చేశాను. నువ్వు ఏమనుకున్నా నేను చేసింది నీ కోసమే.

నా ఉత్తరాలు నీ దగ్గరున్నవి కూడా చింపెయ్.

వదిన


మార్చి 20

వదినగారికి,

మొన్నటి ఉత్తరం కోపంలో రాశాను. కోపం ఇంకా పోలేదు, కానీ ఇప్పుడు దానికి సమయం లేదు.

లాయరమ్మకి ముప్పై ఒకటో ప్రశ్న చూపించి, ఎలా తప్పించుకోవాలి అని అడిగాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. “తప్పించుకోవడమేమిటమ్మా, వాళ్ళు తమ గొయ్యి తామే తవ్వుకున్నారు” అంది. ఇరవై రెండో ప్రశ్నకి అవుననక తప్పదట. కానీ ఆ రోజుల్లోనే నేను రాసిన ఉత్తరం ఉంటే, జూలై 12ది, ‘నాకు నా మీదే భయంగా ఉంది, నువ్వు రా, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు’ అని రాసినది, బిడ్డని వదిలించుకోవాలనుకునే తల్లి అలా రాయదని జడ్జికి ఎవరూ చెప్పక్కర్లేదట. తర్వాత రాసినవి కూడా కావాలంది. పిట్ట బోర్లా పడిందని, మొదటిసారి నన్ను చూసి నవ్విందని, నేను కూడా నవ్వానని రాసినవి.

నా దగ్గర వేరే సాక్ష్యం ఏమీ లేదు. ఆ డాక్టరు చనిపోయారు, ఆయన చీటీలూ, మీ పాత ఉత్తరాలూ ఇల్లు మారినప్పుడు పోయాయి. దయచేసి ఉత్తరాలన్నీ రిజిస్టరు పోస్టులో పంపండి. ఒక్కటి కూడా పారెయ్యకండి.

పాప తల్లి


మార్చి 25

చి. సౌ. మరదలికి,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురుగా వెళ్ళాయి. నీది అందుకునేసరికి నాది నీకు చేరిపోయి ఉంటుంది. నీకు నా ముఖం చూపించలేను. నిన్నంతా దుకాణం తెరవలేదు. బొగ్గుల పళ్ళెం గిన్నెలో బోర్లించి చూశాను, ఏం దొరుకుతుందని చూశానో నాకే తెలియదు. నీ చేతిరాత ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

ఇంకొక అబద్ధం కూడా ఆడాను, అదీ చెప్పేస్తాను. ఆ మాట వాడికి చెప్పింది నేనే. కానీ ఇప్పుడు కాదు. ఆరేళ్ళ కిందట, వచ్చిన మూడో రోజు, జూలై 21న, మీ ఇంటి మెట్ల మీద వాణ్ణి ఆపి చెప్పాను. “ఒరే, ఆ పిల్ల నీళ్ళ చాటున కూర్చుని కుమిలిపోతోందిరా, నువ్వు కాస్త త్వరగా ఇంటికి రా” అన్నాను. వాడు మెట్టు మీదే కూలబడి ఏడ్చాడు. తర్వాత నాలుగు రోజులు త్వరగా వచ్చాడు, పిట్టకి ఉయ్యాల ఊపాడు, నీకు గుర్తుందా? అయిదో రోజు వేరే ఊళ్ళో లిఫ్టులు బిగించే పని ఉందని మూడు నెలల పాటు వెళ్ళిపోయాడు. నీ మంచికని చెప్పిన మాట వాడు ఇన్నేళ్ళు దాచుకుని, నీ మీదే విసురుతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

ఒకటి అడుగుతాను. వాళ్ళు నిన్ను అడిగినట్టు నువ్వూ వాణ్ణి అడగొచ్చా? అడగొచ్చయితే ఇది అడగమను మీ లాయరమ్మని: ‘ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు? తెలిశాక మీరేం చేశారు?’ వాడు ప్రమాణం చేసి రాయాలి. మూడు నెలలు వదిలి వెళ్ళింది ఎవరో అప్పుడు తెలుస్తుంది. నేను ఏమీ చెప్పలేదని వాడు బొంకితే, నేను కోర్టుకి వచ్చి చెప్తాను.

ఇది రాస్తుంటే వాడు అవతలి గదిలో కుట్టు మిషను బెల్టు బిగిస్తున్నాడు నా కోసం.

నీ వదిన


మార్చి 31

వదినా,

కాల్చేశానన్న నీ మొదటి ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో పోట్లాడాను. రెండోది చదివాక పోట్లాటకి ఓపిక లేకపోయింది. నా బిడ్డకి నువ్వు తెచ్చిపెట్టిన ప్రమాదం చిన్నది కాదు, అది కడుపులో పెట్టుకుని నీ మీద ప్రేమ నటించలేను. కానీ నీకు ‘మీరు’ అని రాయడం నా చేతికి అలవాటు కావడం లేదు.

ఈ రోజే జవాబులు వెళ్ళిపోయాయి. ఇరవై రెండోదానికి ఇలా రాశాను: ‘అవును. మే నెలాఖరు నుంచి జూలై 18 వరకు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. సాధారణంగా పది నిమిషాలు. ఒకసారి బకెట్టు నిండి నీళ్ళు పొర్లి వంటగదిలోకి వెళ్ళేదాకా. తర్వాత నేనే ఉత్తరం రాసి మా ఆడపడుచుని పిలిపించుకున్నాను. ఆమెను వెంటబెట్టుకుని నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.’ బకెట్టు సంగతి కొట్టేయమంది లాయరమ్మ. ఎంతసేపు అని అడిగారు కదండీ, గడియారం లేదు, బకెట్టే ఉంది అన్నాను. ఉంచింది.

ముప్పై ఒకటోదానికి: ‘ఇరవై ఏడు ఉత్తరాలు ఉండేవి. మార్చి 19న మా ఆడపడుచు కాల్చేసింది.’ ‘నన్ను కాపాడదామని’ అని కూడా చేర్చాను. అది అడగలేదు కదా అని ఆవిడ కొట్టేసింది. నువ్వు ఈ నెలలో రాసినవి మూడూ జత చేశాము. మీ తమ్ముడు అవి చదువుతాడు వదినా. నీ ఇంట్లో కూర్చుని చదువుతాడు. ముందే తెలిసి ఉండాలని చెప్తున్నాను.

నీ ప్రశ్న కూడా వెళ్ళింది. మేం పంపిన పద్నాలుగింటిలో అది పదకొండోది. ఒక్క అక్షరం మార్చలేదు.

పిట్ట భుజం పదకొండు, నడుం ఇరవై రెండు, పొడవు ఇరవై ఆరు. దానివే, బొమ్మవి కావు.

నీ మరదలు


ఏప్రిల్ 24

చి. సౌ. మరదలికి,

నువ్వు చెప్పినట్టే అయింది. వాడు కాగితాలు బల్ల మీద పరుచుకుని చదివాడు. కత్తిరించాల్సిన గుడ్డ పక్కకి నెట్టేశాడు. నా మూడు ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి నేను మిషను తొక్కడం ఆపేశాను.

“కాల్చావా అక్కా?” అన్నాడు.

“కాల్చాను.”

“దాని కోసమా?”

“అవున్రా.”

“ఈ ప్రశ్న నువ్వే రాసిచ్చావా?”

“నేనే రాసిచ్చాను.”

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వాళ్ళ లాయరు ఫోను చేసి ‘గుర్తు లేదు’ అని రాసేయమన్నాడు, నాకు వినబడింది. ఆరేళ్ళ కిందటిది ఎవరికి గుర్తుంటుంది, ఎవరూ తప్పు పట్టరు అన్నాడు. వీడు సరే అన్నాడు. తర్వాత మూడు రోజులు పనికి వెళ్ళకుండా ఆ ఒక్క కాగితం ముందు కూర్చున్నాడు. అన్నం పెట్టి పిలిస్తే వచ్చాడు, తిన్నాడు, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు. నేను అడగలేదు.

నిన్న పొద్దున్న లేచేసరికి మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. సంచీ లేదు. మిషను మీద ఇంటి తాళం చెవి పెట్టి వెళ్ళాడు. కంపెనీకి ఫోను చేస్తే సెలవు పెట్టాడన్నారు. వాడి ఫోను మోగుతోంది, ఎత్తడు.

ఏడేళ్ళప్పుడు తప్పిపోతే సాయంత్రానికల్లా వెతికి పట్టుకొచ్చాను. ఇప్పుడు ఎక్కడని వెతకను? వాడు ‘గుర్తు లేదు’ అని రాసి ఉంటే నేను కోర్టులో వాణ్ణి అబద్ధాలకోరు అని చెప్పాలి. మాట ఇచ్చాను, చెప్తాను. కానీ అలా రాయలేదేమోనని ఒకపక్క ఆశగా ఉంది, అలా రాసి ఉంటేనే నాకు కోపం వచ్చి తేలికపడతానేమోనని ఇంకోపక్క ఉంది. మీకు కాపీ వస్తుంది కదా. రాగానే రాయి.

గౌను కుట్టి పంపాను, అందిందా? మెడ దగ్గర కొంచెం వదులు ఉంచాను.

నీ వదిన


మే 6

వదినా,

ముందు ఇది: అతను క్షేమంగానే ఉన్నాడు. వాళ్ళ లాయరు చెప్పాడట, ఏదో లాడ్జిలో ఉన్నాడని. చిరునామా వెనక రాశాను. నువ్వు వెళ్ళు, నేను ఏమీ అనుకోను.

నువ్వు కోర్టుకి రానక్కర్లేదు. జవాబు వచ్చింది. నేను చెప్పడం కన్నా నువ్వే చదువు, ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

‘11వ ప్రశ్నకు జవాబు: జూలై 21న మా అక్క చెప్పింది. కానీ అంతకు ముందే నాకు తెలుసు. జూన్ నెలంతా తెలుసు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాణ్ణి. నా దగ్గర తాళం చెవి ఉంది. లోపల కొళాయి చప్పుడు, ఉయ్యాలలో పాప ఏడుపు వినబడేవి. స్నానాల గది తలుపు ముందు కాసేపు నిలబడేవాణ్ణి. పాపను ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఏడుపు ఆగుతుంది, ఆగితే ఆమె బయటికి వస్తుంది, వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. మెట్లు దిగి వెళ్ళిపోయేవాణ్ణి. అక్క చెప్పాక ఇక తెలియనట్టు ఉండడానికి వీల్లేకపోయింది. అందుకని వేరే ఊరు వెళ్ళాను.’

లాయరమ్మ ఇది చదివి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇంక పాప నీదేనమ్మా” అంది. నిన్న వాళ్ళే రాజీకి వచ్చారు. పిట్ట నా దగ్గరే ఉంటుంది, రెండు వారాలకోసారి ఆదివారం అతను చూడొచ్చు. జడ్జి సంతకం ఒక్కటే మిగిలింది. షాపులో అందరూ సంతోషించారు. నేను కూడా నవ్వాను.

నువ్వు చెప్పడం వల్ల ఏదీ జరగలేదు వదినా. ఆ పాపం మొయ్యకు. నువ్వు చెప్పకముందే అతనికి అంతా తెలుసు. కాల్చిన ఉత్తరాల గురించి కూడా నాకిప్పుడు బెంగ లేదు.

నాకు వేరేది పట్టుకుంది. ఆ రోజులన్నీ నేను ఒక్కదాన్నే ఉన్నానని అనుకుంటూ ఆరేళ్ళు బతికాను. అదీ ఒక రకం ధైర్యమే, ఎవరికీ వినబడలేదు కాబట్టే ఎవరూ రాలేదని. ఇప్పుడు అది కూడా లేదు.

లాయరమ్మ కాగితాలు సర్దుకుంటూ, “తలుపు తట్టలేదా ఆయన? పాపం, లోపల గడియ వేసి ఉందేమోలే” అంది. ఏమో గుర్తు లేదండీ అన్నాను.

నాకు గుర్తుంది వదినా. ఎవరో ఒకరు తోసుకుని లోపలికి రావాలని, ఆ తలుపుకి నేను ఒక్కరోజు కూడా గడియ పెట్టలేదు.

నీ
మరదలు